నొక్కాల్సిన చోటు

ఆ రోజు క్వారీలో సైరన్ మోగలేదు.

మోగకపోవడం కొత్తేమీ కాదు. సైరన్ మోగితే కొండ కింద పనిచేసేవాళ్ళంతా సుత్తులు పారేసి దూరంగా పోవాలి. తూటాలు పేలాలి, దుమ్ము అణగాలి, అప్పుడు మళ్ళీ రావాలి. అంతసేపూ కంకర మిల్లు నోరు తెరుచుకుని ఊరికే తిరుగుతుంది. మిల్లు ఊరికే తిరిగితే కాంట్రాక్టరుకి అన్నం సహించదు. అందుకని పేలుడు మందు దట్టించే మనిషి చెయ్యెత్తి ఊపుతాడు. చూసినవాడు పరిగెత్తుతాడు. చూడనివాణ్ణి దేవుడు చూసుకోవాలి.

జల్లెడక్క తమ్ముడు చూడలేదు. డ్రిల్లు మీద వంగి ఉన్నాడు, దాని రొదలో వాడికి వాడి దగ్గే వినపడదు.

మిల్లులో పెద్ద జల్లెడ దగ్గర పని ఆమెది. రాళ్ళు దవడల్లో పడి నలిగి, జల్లెడ మీదకు జారి, పెద్ద కంకర ఒక పక్కకీ చిన్న కంకర ఒక పక్కకీ పోతుంటే, కన్నాల్లో ఇరుక్కున్న ముక్కల్ని ఇనపకొక్కెంతో పీకుతూ ఉండాలి. పొద్దు గుంకేసరికి జుట్టు, కనుబొమలు, రెప్పలు అన్నీ తెల్లబడిపోతాయి. ముప్పై దాటని మనిషి ముసలమ్మలా ఇంటికి నడుస్తుంది. ఆ జల్లెడే ఆమె పేరైపోయింది. ఆమె మొగుడు దగ్గి దగ్గి పోయాడు. మిగిలింది తమ్ముడు, వాడి పెళ్ళాం. ముగ్గురూ ఒకే రేకుల గదిలో ఉండేవాళ్ళు.

కొండ దడదడలాడింది. అరుపులు వినిపించి ఆమె కొక్కెం వదిలేసి పరిగెత్తింది. తమ్ముడు వెల్లకిలా పడి ఉన్నాడు. కత్తిలాంటి రాతిపలక తొడ లోపలివైపు చీల్చుకుపోయింది. రక్తం కారడం లేదు, పొంగుతోంది. ఆమె భుజమ్మీది గుడ్డ తీసి గాయం మీద వేసి అదిమింది. వాడు గావుకేక పెట్టాడు. నొప్పిపుడుతోందని చెయ్యి తేలిక చేసింది. మళ్ళీ పొంగింది. మళ్ళీ అదిమింది, మళ్ళీ అరిచాడు, మళ్ళీ తేలిక చేసింది. ఒకడు నీళ్ళు పోశాడు. ఒకడు తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకడు దుమ్ము తెచ్చి గాయంలో చల్లబోతే ఇంకొకడు వాణ్ణి నెట్టేశాడు. చుట్టూ అంతమంది, కొండని పిండి చేసే చేతులు, ఏం చెయ్యాలో తెలియక గాల్లో వేలాడాయి.

జీపు కావాలని ఆఫీసుకి పరిగెత్తారు. జీపు అక్కడే నీడలో ఉంది. కంపెనీ డాక్టరు బయల్దేరాడనీ, ఆయన వచ్చి చూసేదాకా మనిషిని కదిలించకూడదనీ మేనేజరు చెప్పాడు. గోడకు ఎర్ర గుర్తున్న పెట్టె ఒకటి ఉంది. మిల్లు వెల్డరు దాని తాళం పగలగొట్టాడు. లోపల మేనేజరు గడ్డం గీసుకునే సామాను, అద్దం, దువ్వెన ఉన్నాయి.

"అక్కా, చలేస్తోంది," అన్నాడు తమ్ముడు. నెత్తిన ఎండ మండిపోతోంది.

ఆ తరవాత ఇంకేమీ అనలేదు.

కంపెనీ డాక్టరు వచ్చి కనురెప్పలెత్తి చూసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. పోలీసులు వచ్చి తాగి పడ్డాడని రాసుకున్నారు. తాగలేదని జల్లెడక్క చెప్పబోతే, నీకేం తెలుసు నోర్ముయ్యమని కసిరారు. వెల్డరు జీపు అద్దం మీద సుత్తితో కొట్టాడు. అంతే, గార్డులు ఇనప కడ్డీలతో మీద పడ్డారు. శవం చుట్టూ నిలబడ్డవాళ్ళని, శవానికి అడ్డంగా పడుకున్న మరదల్ని, ఎవర్నీ చూడలేదు. జల్లెడక్క చెవి మీద దెబ్బ పడింది. ఆమె కింద పడుతూ చూసింది. తమ్ముడి ముఖం మీంచి గార్డు బూటుకాలు దాటిపోయింది.

మర్నాడు వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చి, ఎవరూ పనిలోకి పోలేదు. పాత లారీ షెడ్డులో కూర్చున్నారు.

ఆ షెడ్డు వెనకే నర్సు ఉండేది. జిల్లా ఆస్పత్రిలో పనిచేసి, అక్కడి సమ్మెలో ముందు నిలబడిందని ఉద్యోగం పీకించుకున్న మనిషి. అందరికీ నర్సమ్మే. నిన్న ఆమె ఊళ్ళో లేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. జల్లెడక్క వాచిన చెవితో ఆమె ఎదురుగా కూర్చుని అడగాల్సింది అడిగింది.

"మా వాడు బతికేవాడా?"

నర్సమ్మకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"బతికేవాడమ్మా. తెలిసినవాళ్ళు ఒక్కరుంటే, వాహనం ఉంటే, బతికేవాడు."

"ఆ తెలియాల్సిందేదో మాకెవరూ ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు అప్పటిదాకా. జీపు ఇవ్వలేదని తిట్టారు, సైరన్ వెయ్యలేదని తిట్టారు. తమకు తెలియకపోవడం కూడా ఎవడో చేసిన పనే అని ఎవరూ అనుకోలేదు.

అప్పుడు నర్సమ్మ విషయం చెప్పింది. ప్రతి కూలిపేటలోనూ పేటవాళ్ళే తమలో కొందర్ని ఎన్నుకోవాలనీ, ప్రభుత్వం వాళ్ళకు ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇవ్వాలనీ రాజధానిలో ఎప్పుడో నిర్ణయం జరిగింది. ఆ మనుషుల దగ్గర మందులుంటాయి. వాళ్ళు పంపిన రోగిని ఆస్పత్రి వెనక్కి పంపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దెబ్బ ఎలా తగిలిందో, మనిషి ఎలా చచ్చిపోయాడో వాళ్ళు చెప్పింది చెల్లుతుంది. అందుకే ఈ జిల్లాలో కాంట్రాక్టర్లంతా ఒక్కటై ఆ పథకాన్ని తొక్కిపెట్టారు.

"అంటే తాగి పడ్డాడని ఇంకెవడూ రాయలేడు," అన్నాడు మేస్త్రీ తాత. కుర్రతనం నుంచి ఆ కొండని తవ్వి తవ్వి, ఇప్పుడు కొండనంతా ఊపిరితిత్తుల్లో మోస్తున్న ముసలాయన. మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి దగ్గుతాడు.

వెల్డరు ఒప్పుకోలేదు. లేచి నిలబడి, నిన్న మనల్ని కొట్టించింది ఎవరని అడిగాడు. పోలీసులు ఎవరి మనుషులు, తాగాడని రాసింది ఎవరి కలం? ఆ గవర్నమెంటు దగ్గరికే పోయి బిళ్ళ తగిలించమని అడుక్కోవాలా? రేపు ఆ బిళ్ళ పెట్టుకున్నవాళ్ళు మన మనుషులుగా ఉంటారా, వాళ్ళ మనుషులవుతారా? చాలామంది తలలూపారు. ముందు ఆ కాంట్రాక్టరు సంగతి తేల్చాలన్నారు కొందరు. పిల్లలున్నారు, నాలుగు రోజులాగి పనిలోకి పోదామన్నారు ఇంకొందరు. వాదన పెరిగి, కలబడేదాకా వచ్చింది.

జల్లెడక్క చాలాసేపు వింది. తరవాత కూర్చున్న చోటినుంచే మాట్లాడింది.

"అడుక్కోవడం వేరు, గుంజుకోవడం వేరు. నిన్న గార్డు చేతిలో కడ్డీ నువ్వు లాక్కున్నావు కదరా తమ్ముడూ. లాక్కున్నాక అది ఎవరిది? ఈ చదువూ అంతే. వాళ్ళ దగ్గరుంది కాబట్టి నా తమ్ముడు చచ్చాడు. నాకది కావాలి."

వెల్డరు కూర్చున్నాడు.

మిల్లు ఆగింది. ఆ పేటలో పుట్టిన పిల్లలు మిల్లు ఆగిన నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. పెద్దవాళ్ళు అలవాటుకొద్దీ గట్టిగా అరిచి మాట్లాడుకుని, ఎదుటివాడు ఉలిక్కిపడితే నవ్వుకున్నారు. సైరన్ వెయ్యాలి, జీపు ఉండాలి, చనిపోయినవాడి కేసు తిరిగి రాయాలి, ఆరోగ్య శిక్షణ మా పేటలోనే మొదలుపెట్టాలి. ఇవి గోడల మీద బొగ్గుతో రాశారు.

కాంట్రాక్టరు మాట్లాడటానికి రాలేదు. పట్టపగలు లారీ పంపాడు. లారీ నిండా ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు. దిగుతూనే మొదటి వరస గుడిసెల మీద కిరసనాయిలు చల్లి నిప్పుపెట్టారు. పొగలో ఎవరు ఎవరో తెలియలేదు. ఇంట్లోంచి బిడ్డని ఎత్తుకుని బయటికొస్తున్న ఒకామెను జుట్టు పట్టి ఈడ్చారు. నీళ్ళ పీపా పట్టుకొచ్చినవాడి మోచెయ్యి విరగ్గొట్టారు. జల్లెడక్క గది రేకులు ఎర్రగా కాలి వంకర తిరిగాయి. మరదలు బయటే ఉండబట్టి బతికింది.

అయితే వచ్చినవాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. వాళ్ళు వచ్చింది రాళ్ళు కొట్టేవాళ్ళ పేటకి. ఏ రాయి చేతికి ఎంత బరువో, ఏ మూల పట్టుకుంటే ఎంత దూరం పోతుందో ఆ పేటలో పాకే పిల్లకు కూడా తెలుసు. ముందు ఆడవాళ్ళే మొదలుపెట్టారు. కంకర కాదు, పిడికిలి నిండే రాయి. వానలా పడింది. లారీ అద్దాలు పోయాయి, డ్రైవరు దిగి పారిపోయాడు. గుడ్డలు జారి ముఖాలు బయటపడ్డాయి. అందులో ఇద్దరు మిల్లు గార్డులే. పారిపోతున్నవాళ్ళలో ఒకడు లారీ చక్రం పక్కన బోర్లా పడి, ఇక లేవలేదు. తల వెనక భాగం లోపలికి పోయింది.

ఆ రాయి ఎవరిదో ఎవరికీ తెలియదు. జల్లెడక్క కూడా విసిరింది. చచ్చినవాడి ముఖం తిప్పి చూసింది. కుర్రవాడు. వాడి చేతులకీ కాయలున్నాయి. ఎక్కడో మూటలు మోసేవాడై ఉంటాడు. ఆమెకు జాలి కలిగింది, జాలితో పాటే వాణ్ణి పంపినవాడి మీద కోపం ఇంకా పెరిగింది.

ఆ మంటల వార్త పక్క కొండలకు పాకింది. అక్కడి క్వారీల్లోనూ సైరన్లు మోగవు, అక్కడా తాగిపడ్డవాళ్ళే చస్తుంటారు. ఒక్కొక్క మిల్లే ఆగింది. రాజధానికి వేస్తున్న కొత్త రోడ్డు కంకర లేక మధ్యలో నిలిచిపోయింది. మంత్రి ప్రారంభించాల్సిన రోడ్డు అది. అప్పుడు గవర్నమెంటుకు కూలివాళ్ళ ఆరోగ్యం గుర్తొచ్చింది.

జిల్లా ఆరోగ్య అధికారి పేటకు వచ్చాడు. మెత్తటి మనిషి, ప్రతి వాక్యానికీ ముందు నుదురు తుడుచుకుంటాడు. శిక్షణ ఇక్కడే, ఈ షెడ్డులోనే అన్నాడు. ఎవర్ని తీసుకోవాలో తాము నిర్ణయిస్తామని కూడా అనబోయాడు గానీ, మేస్త్రీ తాత అడ్డుపడి, అయ్యా ఎన్నుకునేది మేమని మీ కాగితమే చెబుతోందట కదా అన్నాడు. బయలు నేల మీద, అందరూ చూస్తుండగా చేతులెత్తి ఎన్నుకున్నారు. మేనేజరు తన వదినగారిని నిలబెట్టాడు. ఆవిడకి గార్డులు చేతులెత్తారు. ఎత్తే ముందు ప్రతివాడూ మేనేజరు వైపు చూసి ఎత్తడంతో జనం పడీపడీ నవ్వారు. జల్లెడక్క పేరు చెప్పగానే లేచిన చేతుల్లో కట్లు కట్టినవి, కాలి బొబ్బలెక్కినవి కూడా ఉన్నాయి. మరదల్నీ ఎన్నుకున్నారు. ఆడవాళ్ళు కొందరు, మగవాళ్ళు కొందరు. బిళ్ళ వద్దని వాదించిన వెల్డరూ వాళ్ళలో ఒకడు.

పాఠం చెప్పడానికి చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. మొదటిరోజు బయట పోలీసుల్ని చూసి ఆమె షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. చదువు రానివాళ్ళకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియదు, అడగడానికి వీళ్ళకు మొహమాటం. మధ్యలో నర్సమ్మ కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చేది. పుండు కడగడం, విరిగిన ఎముకకు బద్ద కట్టడం, విరేచనాలైన బిడ్డకు నీళ్ళు ఎలా పట్టాలి, కాన్పు ఎప్పుడు చెయ్యి దాటిపోతుంది, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి, ఒక్కొక్కటే నేర్చుకున్నారు. ఒక్కొక్కసారి తప్పులు చెప్పారు, తిట్లు తిన్నారు, మళ్ళీ చేశారు. దండచెయ్యి బద్ద మోకాలికి కట్టాడని వెల్డరుని వారంపాటు ఏడిపించారు.

ఒకరోజు రక్తం ఆపడం చెప్పింది డాక్టరమ్మ. వెల్డర్ని బల్ల మీద పడుకోబెట్టి, తొడ మొదట్లో, గజ్జ మధ్యలో వేళ్ళు పెట్టి చూపించింది. కాలికి పోయే పెద్ద నాళం ఇక్కడ ఎముక మీంచి వెళ్తుంది. గాయాన్ని గుడ్డతో కుక్కి గట్టిగా అదమాలి, ఇంకొకరు ఇక్కడ అరచేతి మొదలుతో ఒంటి బరువంతా వేసి నొక్కాలి.

"రోగి అరుస్తాడు. నొప్పి భరించలేక మీ చెయ్యి లాగేస్తాడు. అరిచినా వదలకూడదు. జాలిపడి చెయ్యి తేలిక చేస్తే మనిషి పోతాడు."

జల్లెడక్క లేచి బయటికి నడిచింది. షెడ్డు వెనక తుప్పుపట్టిన లారీ తలుపు ఉంది. దాన్ని రెండు పిడికిళ్ళతో కొట్టింది. తోలు లేచి రక్తం వచ్చేదాకా కొట్టింది. ఏడుపు రాలేదు. తమ్ముడి తొడ మీద తన చెయ్యి, వాడు అరవగానే తేలికైన ఆ చెయ్యి, అదొక్కటే కనిపిస్తోంది. వాడి మీద ప్రేమే వాడి ప్రాణం తీసింది.

మరదలు వెనకే వచ్చింది. పెనిమిటి పోయిన నాటినుంచి పెద్దగా మాట్లాడని పిల్ల. వదినగారి చేతులు పట్టుకుని ఆపింది.

"నువ్వు చంపలేదు వదినా. నువ్వు ప్రేమగా పట్టుకున్నావు, అంతకుమించి నీకేం తెలియనివ్వలేదు వాళ్ళు. లోపలికి రా. నేనొక్కదాన్నే నేర్చుకుంటే నేనూ ఏదో ఒకరోజు చెయ్యి తేలిక చేస్తాను. ఇద్దరం నేర్చుకుందాం."

ఇద్దరూ లోపలికి పోయారు. ఆ రోజు జల్లెడక్క వెల్డరు గజ్జలో ఎంత గట్టిగా నొక్కిందంటే వాడు కేకలు పెట్టాడు. ఆమె వదల్లేదు. డాక్టరమ్మ వచ్చి ఇక చాలనేదాకా వదల్లేదు.

శిక్షణ సగంలో ఉండగానే పేట మారడం మొదలైంది. మిల్లు మళ్ళీ నడుస్తోంది, సైరన్ మోగుతోంది. బెల్టులో చెయ్యి పడిన ఒకణ్ణి మేనేజరు గుట్టుగా ఇంటికి పంపబోతే, మరదలు దారికడ్డం నిలబడి ఆస్పత్రికి ఎక్కించింది. ఎలా తగిలిందో డాక్టరు ముందు పూసగుచ్చినట్టు చెప్పింది. మేస్త్రీ తాతది ముసలితనపు దగ్గు కాదనీ, రాతి దుమ్ము దగ్గనీ, అది ఒక్క తాతకే కాదనీ, డాక్టరమ్మతో కలిసి గుండెల మీద గొట్టం పెట్టి విని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. మొగుడు ఎందుకు పోయాడో జల్లెడక్కకు అప్పుడే అర్థమైంది.

కాంట్రాక్టరుకీ అర్థమైంది. పరీక్ష దగ్గర పడుతుండగా అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి నుదురు ఎక్కువసార్లు తుడుచుకున్నాడు. చిన్న మార్పు ఉందన్నాడు. క్వారీ ఆవరణ కంపెనీ డాక్టరు కిందికి వస్తుంది కాబట్టి, సర్టిఫికెట్ తీసుకునేవాళ్ళు కంపెనీ అనుమతి లేకుండా గేటు దాటకూడదు, లోపల జరిగిన ప్రమాదాల గురించి బయట చెప్పకూడదు. అలా ఒప్పుకుని సంతకం పెట్టిన వాళ్ళకే పరీక్ష.

"అయితే మేమెక్కడ వైద్యం చెయ్యాలి బాబూ?" అని నర్సమ్మ అడిగింది. "మనుషులు గేటు లోపల చస్తుంటే గేటు బయట కూర్చుని మాత్రలు పంచాలా?"

అధికారి తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఎవరూ సంతకం పెట్టలేదు. పెడతామన్నవాళ్ళు ఇద్దరుంటే, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళే పెట్టనివ్వలేదు.

మిల్లులన్నీ ఆపి ఆరోగ్య కార్యాలయానికి ఊరేగింపుగా బయల్దేరారు. కొండల నుంచి వచ్చిన జనం రోడ్డు పట్టలేదు. మిల్లు దుమ్ముతోనే వచ్చారు, తెల్లటి ముఖాలు, ఎర్రటి కళ్ళు. ముందు వరసలో శిక్షణ పొందుతున్నవాళ్ళు, వాళ్ళ నడుమ నర్సమ్మ, దగ్గుకుంటూ మేస్త్రీ తాత. వంతెన దగ్గర పోలీసులు అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక కాంట్రాక్టరు మనుషులు. నర్సమ్మ రెండు చేతులూ ఎత్తి ముందుకు నడిచి, మా దగ్గర ఏమీ లేవు, అధికారితో మాట్లాడి పోతాం అని చెప్పింది. ఆమె మాట ముగియకముందే పోలీసుల వెనకనుంచి రాయి ఒకటి వచ్చి జనంలో పడింది. జనం కదిలారు. లాఠీలు లేచాయి. ఆ వెంటనే తుపాకులు పేలాయి.

జల్లెడక్కకి మొదట అవి తుపాకులని తెలియలేదు. చెవి దెబ్బ తిన్న నాటినుంచి ఆ పక్క సరిగా వినపడదు. మేస్త్రీ తాత కూలబడటం చూసింది. తొడ మొదట్లో గుండు దిగింది. రక్తం పొంగుతోంది. ఆమె వాలి, గజ్జలో అరచెయ్యి ఆనించి, మోచెయ్యి నిటారుగా పెట్టి ఒంటి బరువంతా వేసింది. గుడ్డ కుక్కమని అరిచింది. వెల్డరు చొక్కా చింపి గాయంలో కుక్కాడు. తాత చచ్చేట్టు అరిచాడు. ఆమె అమ్మనీ అబ్బనీ కలిపి బూతులు తిట్టాడు, ముఖం మీద గీరాడు, వదిలెయ్యమని బతిమాలాడు. ఆమె వదల్లేదు. వీపు మీద లాఠీ పడింది. మళ్ళీ పడింది. భుజం ఎముక టప్పుమన్న చప్పుడు లోపలినుంచి వినపడింది. ఆమె బరువు రెండో చేతి మీదకి మార్చుకుంది, చెయ్యి మాత్రం తియ్యలేదు. పేటవాళ్ళు వచ్చి ఆమె చుట్టూ వలయం కట్టి, వీపులు బయటికి తిప్పి నిలబడ్డారు. దెబ్బలు వాళ్ళ మీద పడ్డాయి. ఒకరు పడితే ఇంకొకరు వచ్చి ఆ చోట నిలబడ్డారు. తాత బతికాడు.

నర్సమ్మ బతకలేదు. ఆమెకు రొమ్ము మధ్య తగిలింది. మరదలు ఆమె మీదకి వంగి వెతికింది. నేర్చుకున్నదంతా గుర్తుచేసుకుని వెతికింది. ఆ గాయానికి నొక్కే చోటు లేదు. నర్సమ్మ కళ్ళతోనే వద్దని చెప్పి, తాత వైపు చూపించింది. అటు చూడు, అక్కడ పనుంది అన్నట్టు. వంతెన మీదే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రానికి కంకర మిల్లు లేదు. దవడలు, బెల్టులు, పెద్ద జల్లెడ, అన్నీ ఏ చేతులు నడిపాయో ఆ చేతులే ఊడదీసి లోయలోకి తోశాయి. మేనేజరు గోడ దూకి పారిపోయాడు. కాంట్రాక్టరు బంగళా తలుపులు సుత్తి దెబ్బలకు పడిపోయాయి. పోలీసులు బలగం తెచ్చి పేటని చుట్టుముట్టారు గానీ లోపలికి రావడానికి జంకారు. కొండ కొండనా జనం నిలబడి ఉన్నారు. నర్సమ్మ శవాన్ని ఎవరికీ అప్పగించలేదు. షరతు రద్దు చేశామని అధికారి మైకులో చెప్పాకే ఆమెను మట్టిలో పెట్టారు.

పరీక్ష జరిగింది. భుజానికి కట్టుతో జల్లెడక్క నోటితో జవాబులు చెప్పింది. ఒక ప్రశ్న తప్పింది, మిగతావన్నీ సరిగ్గా చెప్పింది.

సర్టిఫికెట్లు ఇచ్చే రోజు బయలు నేల నిండిపోయింది. చేతికర్ర మీద మేస్త్రీ తాత కూడా వచ్చాడు. అధికారి ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. జల్లెడక్కని పిలవలేదు. అందరూ అయిపోయాక, లారీ దగ్గర చచ్చిన కుర్రవాడి హత్యకేసులో ఆమె మీద అరెస్టు ఉత్తర్వు ఉందనీ, అలాంటివాళ్ళకు ఇవ్వడం కుదరదనీ నేల చూస్తూ చెప్పాడు. నేల అంచున పోలీసు వ్యాను ఆగి ఉంది.

మరదలు లేచి వెళ్ళి తన సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, వచ్చి కూర్చుంది. వెల్డరు పెట్టాడు. ఒకరి తరవాత ఒకరు అందరూ పెట్టారు. బల్ల మీద గుట్ట అయింది. అప్పుడు డాక్టరమ్మ లేచింది. పోలీసు వ్యాను ఎదురుగా ఉన్నా ఈసారి ఆగిపోలేదు.

"నేర్పింది నేను. నేర్చుకుంది ఈవిడ. పరీక్షలో పాసయింది. నా సంతకం ఈవిడ సర్టిఫికెట్ మీద ముందే పెట్టాను. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. ఇవ్వకపోతే మిగతావాటి మీద నా సంతకాలూ కొట్టెయ్యండి."

జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు. అధికారి సంచిలోంచి అది తీసి ఇచ్చాడు. జల్లెడక్క దాన్ని మరదలి చేతికిచ్చింది. వ్యాను వైపు తనే నడిచింది. అడ్డం పడబోయిన వెల్డర్ని ఆపి, నన్ను ఆపడంలో ఒళ్ళు పాడుచేసుకోవద్దు, పక్క కొండవాళ్ళకి రేపటినుంచి మీరే పాఠం చెప్పాలి, ఆ షెడ్డు ఒక్కరోజు కూడా మూయొద్దు అని చెప్పింది.

జైల్లో ఆడవాళ్ళ బ్యారక్ ఇరుకు. డాక్టరు వారానికొకసారి వస్తాడు, వచ్చినా గడప దాటడు. దొంగతనానికి వచ్చినవాళ్ళు, మొగుణ్ణి కొట్టి వచ్చినవాళ్ళు, ఎందుకొచ్చారో తెలియనివాళ్ళు అందరూ ఒకే గదిలో. వాళ్ళలో ఒకామె బిడ్డకు విరేచనాలు. కళ్ళు గుంటలు పడ్డాయి, ఏడిస్తే కన్నీరు రావడం లేదు. జల్లెడక్క ఉప్పు, పంచదార, కాచిన నీళ్ళు అడిగింది. వార్డరు నవ్వి, హంతకురాలివి నీకు వైద్యం కూడానా అంది. బ్యారక్ అంతా అన్నం పళ్ళేలు గచ్చు మీద కొట్టింది. కొట్టడం ఆపితేనే మాట్లాడతానని జైలరు అన్నాడు. వాళ్ళు ఆపలేదు. వార్డర్లు లోపలికొచ్చి బెల్టులతో బాదారు, దొరికినవాళ్ళని దొరికినట్టు. పళ్ళేల మోత తగ్గలేదు. చివరికి ఉప్పు వచ్చింది, పంచదార వచ్చింది, నీళ్ళు వచ్చాయి. బిడ్డ తేరుకుంది.

ములాఖత్‌కి వచ్చిన మరదలు కటకటాల అవతలనుంచి కబుర్లు చెప్పింది. పక్క కొండల్లో చేతులెత్తి ఎన్నికలు జరుగుతున్నాయట. మిగతా జిల్లాల్లోనూ శిక్షణ మొదలుపెట్టాలని కూలిపేటలు అడుగుతున్నాయట. ఓ చోట అధికారిని గదిలో పెట్టి తాళం వేశారట. చిట్లిన పెదవితో జల్లెడక్క నవ్వింది. ఇక్కడ కూడా మొదలైందని చెప్పింది.

ఆ మర్నాడు పొద్దున్న లెక్క తీసుకోవడానికి వార్డరు వచ్చేసరికి ఆడవాళ్ళు వరసలో నిలబడి లేరు. నేల మీద జంటలు జంటలుగా ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ప్రతి ఒక్కరి మణికట్టు నాడి మీదా ఎదురుగా కూర్చున్నామె వేళ్ళున్నాయి. పెదవులు కదులుతున్నాయి. వార్డరు లేవమని అరిచింది. లెక్క తీసుకోవాలి, లేవండి అని బెత్తం గోడకేసి కొట్టింది.

జల్లెడక్క తల ఎత్తలేదు.

"మేమూ లెక్కే పెడుతున్నాం," అంది. "అయ్యేదాకా ఆగు."

ఎవరూ లేవలేదు.